బిరడా నా జేబులోనే ఉంది

బొటనవేలంత రబ్బరు ముక్క అది. లోపల బోలు, అంచున మర. అరచేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియనంత తేలిక. దాన్ని నేను ఏళ్ళ తరబడి మోస్తున్నాను. వస్తువును ఏనాడో వదిలించుకున్నాను. ఎక్కడ వదిలించుకున్నానో కూడా చెబుతాను. ఆ ఒక్కటీ దాచుకోవాలని మనసు పీకుతోంది కాబట్టి చెబుతానని ముందే మాట ఇచ్చేస్తున్నాను. బరువు మాత్రం పోలేదు. అప్పట్లో మా అమ్మాయి ఒకటో తరగతి. ఇప్పుడు నరసరావుపేటలో నర్సుగా ఉద్యోగం చేస్తోంది. అంత కాలంగా అది నా తొడకు ఒత్తుకుంటూనే ఉంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే నోరు పెగులుతోంది. నా పేరు రాయను. అది పిరికితనమే, మీరు వేరే చెప్పక్కర్లేదు.

నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. మాచర్లలో మోటారు విడిభాగాల కొట్టు నాది, కాపురం సాగర్ జలాశయం ఒడ్డున, విజయపురి సౌత్‌లో. రోజూ బస్సులో పోయి వస్తాను. మధ్యాహ్నం కొట్టు మూసే వేళ అందరూ అన్నం తిని కునుకు తీస్తే నేను గ్రంథాలయానికి పోయేవాణ్ణి. ఎముకల గురించి చదివాను. తిమింగలాల గురించి చదివాను. రాజుల తలలు నరికిన దేశాల గురించి చదివాను. ఎవరూ నేర్పలేదు. ఇంగ్లీషు కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో మాట కింద వేలు పెట్టి నేనే నేర్చుకున్నాను. మా వీధిలో ఎవరికి ఏ సందేహం వచ్చినా నా గుమ్మంలోకే వచ్చేవాళ్ళు. పంతులూ అని పిలిచేవాళ్ళు. నేను పంతుల్ని కాను. వద్దని ఒక్కసారీ అనలేదు. ఆ పిలుపు చెవిన పడితే బెల్లంముక్క నోట్లో వేసుకున్నట్టు ఉండేది. ఈ సంగతి గుర్తుంచుకోండి. మిగిలిందంతా ఆ బెల్లానికి పట్టిన చీమలే.

మాకు ఒక ఫైబర్ పడవ ఉండేది. ముగ్గురి ఉమ్మడి. మోటారు నాది. వలలు పోలయ్య మామవి. పడవ నడిపేది యేసోబు. మామ అంటే వరసకు మామ, మా పక్కింటి పెద్దాయన. యేసోబు నన్ను బావా అనేవాడు, అతని భార్య సువార్త అన్నయ్యా అనేది. చుట్టరికం ఏమీ లేదు. గోడ అవతల గోడ, అంతే.

యేసోబు ఒకప్పుడు తాగేవాడు. మామూలుగా కాదు. సువార్త ఒకసారి పిల్లలిద్దర్నీ తీసుకుని ఎడ్లపాడులో పుట్టింటికి వెళ్ళిపోయింది. అతను మానేశాడు. క్రిస్మస్ ఆరాధనలో అందరి ముందూ నిలబడి, ఇక ముట్టనని ప్రమాణం చేశాడు. అప్పుడు వచ్చింది ఆమె. గుమ్మంలో కాలు పెట్టకముందే, మేమందరం వింటుండగా అంది: "ఇంకొక్కసారి వాసనొచ్చిందంటే అరిచేదీ ఉండదు, ఏడ్చేదీ ఉండదు. బస్సెక్కటమే." ఆ మాట మా వీధిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే చేశాను నేను చేసింది.

మా దగ్గర చలికాలం పడవలకు సెలవు. చలికి చేప లోతుకు పోతుంది, వలలో పడదు. అదే సమయానికి మిరపకోతలు మొదలవుతాయి. ఒడ్డు మీద ఉన్న వాళ్ళందరూ కోతలకు పోతారు. పోయే ముందు పడవను ఒడ్డుకు లాగి, తాటిమొద్దుల మీద బోర్లించి, పైన తాటాకు కప్పేస్తారు. మోటారును విప్పి గోనెసంచి చుట్టి ఇంట్లో ఒక మూల పడేస్తారు. అందరూ చేసేది అదే.

పడవ అడుగున, వెనక చెక్క దగ్గర, ఒక బెజ్జం ఉంటుంది. లోపల చేరిన నీళ్ళు పోవడానికి పెట్టిన బెజ్జం. దానికే ఈ బిరడా. మా వాళ్ళు పడవను బోర్లిస్తారు కదా, నీళ్ళు నిలిచే మాటే లేదు. కాబట్టి బిరడాను ఎవరూ తీయరు. పడవ కొన్ననాడు బిగించింది, మీద ఇంత మైనం పూసింది, దాని పాటికి అది అక్కడే ఉంటుంది. అది తీసే వస్తువని కూడా చాలామందికి గుర్తుండదు.

ఆ ఏడు నాకు గ్రంథాలయంలో ఒక పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. పడవల గురించి. చెరువులు గడ్డకట్టే దేశాల వాళ్ళు రాసుకున్నది. అందులో ఒక అధ్యాయం మొత్తం చలికాలానికి పడవనూ మోటారునూ ఎలా దాచిపెట్టాలో చెబుతుంది. దాన్ని నేను చదివినట్టు పరీక్షకు చదివేవాడు కూడా చదవడు. పడవను బోర్లించకూడదు, ముక్కు పైకి ఉండేలా నిలబెట్టాలి. బిరడా తీసెయ్యాలి, మంచూ వానా లోపల నిలవకుండా కారిపోవాలి, గాలి ఆడాలి. తీసిన బిరడాను మోటారు పిడికి తాడుతో కట్టాలి, మళ్ళీ దించేవాడి చేతికి అదే ముందు తగలాలి. ఈ చివరి వాక్యం కూడా చదివాను. చదవలేదని తప్పించుకోను. కింద వేలు పెట్టి మరీ చదివాను.

ఈసారి పుస్తకం ప్రకారం చేద్దామన్నాను. పోలయ్య మామ తల ఊపాడు. యేసోబు నవ్వాడు గాని కాదనలేదు.

డ్రమ్ము నిండా మంచినీళ్ళు పోసి మోటారును అందులో నడిపించాను, లోపలి బురద పోవాలని. పెట్రోలు పైపు పీకేసి, ఉన్న చుక్క కాలిపోయి దానంతట అదే ఆగేదాకా ఉంచాను. ప్లగ్గులు విప్పి లోపలికి ఆయిలు చుక్కలు వేసి తాడు మెల్లగా లాగాను. కింద గేరు ఆయిలు వదిలితే విరిగిన పాలతో కాచిన టీ లాంటిది కారింది. లోపలికి నీళ్ళు చేరాయన్నమాట. దాని కంపు ఇప్పటికీ నా ముక్కులో ఉంది. చేపపొట్టు, పాత నూనె, తుప్పు, అన్నీ కలిసిన కంపు. కొత్త ఆయిలు పోశాను. ఇవన్నీ సరైన పనులే. చేస్తూ ఉపన్యాసం ఇచ్చాను. అది కూడా తప్పు కాదేమో. వినేవాళ్ళు విసుక్కుంటున్నారని తెలిసి కూడా ఆపలేదు.

చివరికి అన్నాను, మోటారు కడుపులో నీటిచుక్క మిగలకూడదు, గడ్డకడితే ఇనుము పగులుతుంది అని.

యేసోబు చేతులు తుడుచుకుంటూ సాగర్ వైపు చూశాడు. "ఏంది బావా, మన సాగర్ ఐసుగడ్డయిద్దా? అయితే ఈ మోటారెందుకు, వొదిలెయ్. నడుచుకుంటా పోదాం అవతలికి."

పోలయ్య మామ నవ్వాడు. పక్కన వల అల్లుకుంటున్న వాళ్ళు నవ్వారు. పగతో అన్న మాట కాదు అది. యేసోబు ఎవర్నైనా అలాగే అంటాడు, తనను కూడా. నేనూ నవ్వాను. నా ముఖం నవ్వింది. లోపల ఏదో పులిసింది.

వాళ్ళిద్దరూ మోటారును మోసుకుని యేసోబు ఇంటికి వెళ్ళారు. బిరడా తీయాలన్న సంగతి వాళ్ళకు నేను ఇంకా చెప్పలేదు. నేను పడవ దగ్గర ఒక్కణ్ణే మిగిలాను. అడుగు చెక్కలు ఎత్తి, వంగి, మైనం గీకి, బిరడా తిప్పి తీశాను. నల్లటి నీళ్ళు, కుళ్ళిన రొయ్య తలలు, పొలుసులు నా వేళ్ళ మీదుగా కారాయి. బిరడాను తుడిచాను. యేసోబు ఇంటికి పోయి మోటారు పిడికి కట్టాలి. అంతే మిగిలింది.

కట్టలేదు. జేబులో పెట్టుకున్నాను.

మరచిపోయానని రాస్తే ఎంత బాగుండు. మరుపు మనిషికి సహజం, మీరు క్షమించేవాళ్ళు. మరుపు కాదు. ఆ నిమిషంలో నా తలలో ఏం నడిచిందో నాకు స్పష్టంగా గుర్తుంది. చలి పోయాక వీళ్ళు పడవ దించాలనుకుంటారు. దించే ముందు నన్ను పిలుస్తారు, పిలవక తప్పదు. అప్పుడు నేను అడుగుతాను, ఏదో లేదు చూసుకున్నారా అని. వాళ్ళు తెల్లమొహం వేస్తారు. యేసోబు కూడా. అప్పుడు జేబులోంచి తీస్తాను. ఇంత గొప్ప దృశ్యం కట్టుకున్నాను. నిండా మనుషులెక్కే పడవను, నాకు నలుగురి ముందు చప్పట్లు రావాలని, బెజ్జంతో వదిలేసి ఇంటికి పోయి అన్నం తిన్నాను. ఆకలిగా తిన్నాను.

బిరడాను మర్నాడు కొట్టులో సొరుగులో పడేశాను, గ్రంథాలయం కార్డు పక్కన. కోతల మధ్యలో పడవ ఎవరు దించుతారు? ఎవరూ దించరు. ఏ ఏడూ దించలేదు.

ఆ ఏడు దించారు. మబ్బు పట్టింది. అవతలి ఒడ్డున ఒక రైతు కళ్ళంలోనూ చేలోనూ మిరప ఉండిపోయింది, వాన పడితే బూజు పడుతుంది. కోసేవాళ్ళు కావాలి, వెంటనే కావాలి. చుట్టూ తిరిగి రోడ్డు మీద పోతే పొద్దు ఎక్కుతుంది. యేసోబు పడవ దించుతానన్నాడు. మోటారు తెచ్చి తగిలించాడు. పోయే ముందు నాకు ఫోను చేశాడు. కొట్టులో కూర్చుని ఏదో చదువుకుంటున్నాను. తెర మీద అతని పేరు చూశాను. ఐసుగడ్డ మాట గుర్తొచ్చింది. ఎత్తలేదు. మళ్ళీ చేస్తాడులే అనుకున్నాను.

మళ్ళీ వచ్చింది పోలయ్య మామ ఫోను. "పడవ మునిగింది పంతులూ. మనుషులు బతికారు. నా కోడలి చెయ్యి ఇరిగింది. నువ్వు రా."

పడవ నిండా ఆడవాళ్ళు, అన్నం క్యారేజీలు. అడుగు చెక్కల కింద నీళ్ళు నిండుతుంటే పైకి కనబడలేదు. బరువుకు వెనక కుంగిందనుకున్నాడు యేసోబు. అవతలి ఒడ్డు దగ్గరపడ్డాక వెనక భాగం ఒక్కసారిగా కిందికి పోయింది. మెడలోతు నీళ్ళు. ఒక్కొక్కర్నీ యేసోబే ఒడ్డుకు చేర్చాడు. అందరూ బయటపడ్డాక ముక్కూ చెవులూ నీలం తిరిగి, పళ్ళు కొట్టుకుంటూ కూలబడ్డాడు. చేను కావలి మనిషి పరుగెత్తుకొచ్చి, తన దగ్గరున్న బ్రాందీ అతని గుండెలకీ అరికాళ్ళకీ పట్టించి రుద్దాడు. చలికి మా వైపు పసిపిల్లలకు కూడా అలాగే రుద్దుతారు. ఆడవాళ్ళు అప్పటికే చేను గుడిసెలోకి పోయారు, కావలి మనిషి అవతలి ఒడ్డునే ఉండిపోయాడు, చూసి చెప్పేవాళ్ళు ఇవతల లేరు. ఇదంతా యేసోబే తర్వాత నాకు చెప్పాడు. అందరికన్నా ముందు నాకే చెప్పాడు, నేను నమ్ముతానని.

సొరుగు తెరిచి బిరడా జేబులో వేసుకుని బస్సెక్కాను. దారంతా చెప్పేద్దామనే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కానీ అనుకోవడానికి విలువ ఎంత? బస్సు దిగేదాకా మంచివాడిగా ఉండటం ఎవరికైనా చేతనవుతుంది.

సాయంత్రానికి వేరే పడవతో మా పడవను ఇవతలికి లాక్కొచ్చారు. జనం గుమిగూడారు. యేసోబు దుప్పటి కప్పుకుని గట్టు మీద కూర్చున్నాడు. అతని మీద నుంచి బ్రాందీ వాసన గుప్పున కొడుతోంది. నేను దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. అతను నా చెవి దగ్గర నోరు పెట్టి రుద్దిన సంగతి చెప్పాడు. నోట్లోంచి ఏ వాసనా లేదు. పచ్చి నీటి వాసన, అంతే. ఈ మాట మీరు గట్టిగా పట్టుకోండి. ఆ గుంపులో అతని ఊపిరి తగిలేంత దగ్గరికి వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే.

"పంతులూ, నువ్వు చూడు," అన్నాడు పోలయ్య మామ. కోడలి చెయ్యికి కట్టు కట్టించి అప్పుడే వచ్చాడు. "ఎందుకు మునిగిందో నువ్వు చెప్పు. నీకు తెలుసుద్ది."

నీకు తెలుసుద్ది. అందరూ నా వైపే చూశారు. ఏళ్ళుగా ఏ చూపు కోసం పుస్తకాలు తిరగేశానో ఆ చూపు. నేను పడవలోకి దిగాను. అడుగు చెక్కలు ఎత్తాను. వంగి చూశాను. వెతుకుతున్నట్టు నటించాను. ఆ బెజ్జంలో నా చూపుడు వేలు పెట్టి, అవతలి వైపు వేలికొన ఆడించి, అందరికీ చూపించాను. బిరడా జేబులో నా తొడకు ఒత్తుకుంటోంది. వేలు ఆడించాను. ఆ వేలిని నేను అసహ్యించుకున్నంతగా ప్రపంచంలో దేన్నీ అసహ్యించుకోలేదు. ఆ వేలితోనే పేజీలు తిప్పుతాను. దాంతోనే అన్నం కలుపుకుంటాను.

"బిరడా లేదు. ఎవరో తీశారు. మళ్ళీ పెట్టలేదు," అన్నాను.

ఎవరో. ఈ ఒక్క మాట మీద నా బతుకు నడిచింది. ఎవరో తీశారు. అబద్ధమా? కాదు. ఎవరో తీశారు.

"పొద్దున పడవ దించింది ఒక్కడేగా," అన్నారెవరో వెనక నుంచి. తలలు గట్టు వైపు తిరిగాయి. యేసోబు లేచి నిలబడ్డాడు. "నేను దాని జోలికే పోలా. ఏసుప్రభువు మీద ఒట్టు, నేను తీయలా," అన్నాడు. గాలి అటు నుంచి ఇటు వీస్తోంది. మాటతో పాటు వాసన వచ్చింది. ఇక ఎవరికీ ఇంకో రుజువు అక్కర్లేకపోయింది.

సువార్త చీకటి పడకముందే మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమె ఏడవడం లేదు. ఏడవనని ముందే చెప్పింది కదా.

"అన్నయ్యా, ఆళ్ళూ ఈళ్ళూ చెప్పింది నేను ఇనలా. నువ్వు చదువుకున్నోడివి, నువ్వు చెప్పు. దగ్గరికి పోయావంట గదా. వాసనొచ్చిందా?"

"వచ్చిందమ్మా," అన్నాను.

"ఒంటికి రుద్దారంటన్నాడు."

"రుద్దారనే చెప్పాడు."

"మరి?"

ఆ మరి దగ్గర ఆగింది. ఆమె నా ముఖంలోకి చూస్తోంది. నేను ఒక్క మాట అంటే చాలు. నోరు శుభ్రంగా ఉందమ్మా, తాగలేదు. అంతే. బిరడా సంగతి చెప్పకపోయినా, ఆ ఒక్క మాట చెప్పినా ఆమె ఇంటికి పోయి పొయ్యి రాజేసేది. కానీ తాగలేదంటే, ఒళ్ళు తెలిసిన మనిషి బిరడా ఎందుకు తీస్తాడన్న ప్రశ్న వస్తుంది. తర్వాత, తీసింది అతనేనా అన్న ప్రశ్న. ఆ ప్రశ్నలు ఒక్కొక్కటే నడుచుకుంటూ నా గుమ్మం దాకా వస్తాయి. ఆ లెక్క అంతా ఆమె రెప్ప వేసి తెరిచేలోగా వేసుకున్నాను. ఎన్ని పుస్తకాలు చదివితే బుర్ర అంత చురుగ్గా పనిచేస్తుందో.

"నువ్వే ఆలోచించు తల్లీ," అన్నాను. "మత్తులో లేని మనిషి బిరడా లేకుండా అంతమందిని ఎక్కించుకుంటాడా?"

తల్లీ అన్నాను. ఎప్పుడూ అలా పిలవలేదు.

"చాలన్నయ్యా," అంది. "నిజం చెప్పేటోళ్ళు ఒకళ్ళన్నా ఉన్నారు."

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు పిల్లలతో వెళ్ళిపోయింది. అదే బస్సులో నేనూ ఉన్నాను, కొట్టుకు పోవాలి కదా. వెనక సీట్లో కూర్చున్నాను. చిన్నవాడు సీటు పైనుంచి తొంగి చూసి నన్ను చూసి నవ్వాడు. మాచర్లలో దిగి, బస్టాండు మరుగుదొడ్డికి పోయాను. అక్కడి సంగతి మీకు తెలిసే ఉంటుంది, నేలంతా తడి, గోడలంతా మరకలు. ముక్కు మూసుకుని, జేబులోంచి బిరడా తీసి, అందులో వేసి నీళ్ళు పోశాను. తేలింది. రబ్బరు కదా. మళ్ళీ పోశాను. మళ్ళీ తేలింది. బయట ఎవరో తలుపు కొడుతున్నారు. పుల్లతో పొడిచి, లోపలికి తోసి, బకెట్టు బోర్లించి పోస్తే అప్పుడు పోయింది. ఆ పుల్లతో పొడుస్తున్నవాడు, తిమింగలాల గురించి తెలిసినవాడు, ఇంగ్లీషు తనంతట తాను నేర్చుకున్నవాడు. బయటికొచ్చి చేతులు కడుక్కుని కొట్టు తెరిచాను. మధ్యాహ్నం గ్రంథాలయానికి పోయాను. అవును, పోయాను.

యేసోబు కొన్నాళ్ళపాటు ఎడ్లపాడు వెళ్ళివస్తూ ఉండేవాడు. వాళ్ళు గుమ్మం ఎక్కనివ్వలేదు. తిరిగొచ్చి మా అరుగు మీద కూర్చుని అడిగేవాడు, "బావా, నువ్వన్నా నమ్ముతున్నావా నన్ను?" నమ్ముతున్నాననేవాణ్ణి. తర్వాత ఒకరోజు నిజంగానే తాగాడు. తాగనివాణ్ణి తాగాడన్నాక తాగకుండా ఉండి ఏం లాభం అన్నాడట ఎవరితోనో. అతను వీధిలో పడిపోయి ఉంటే పోలయ్య మామ, నేను మోసుకొచ్చి పడుకోబెట్టాం. ఆ రోజు నాకు ఏమనిపించిందో రాయాలి. ఇంతవరకూ రాసినవన్నీ తేలిక, ఇదే కష్టం. ఊరట కలిగింది. చూశారా, ఎటూ తాగేవాడే, ఆ రోజు కాకపోతే ఇంకో రోజు. అతని వాంతి నా చొక్కా మీద పడింది. దాన్ని కడుక్కుంటూ నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

సువార్త మళ్ళీ రాలేదు. అక్కడే ఏదో మిల్లులో పనిచేసి పిల్లల్ని పెంచింది.

ఇంకొకటి ఉంది. ఆ మునక తర్వాత ఒడ్డు మీద వాళ్ళు భయపడ్డారు. పడవల్ని చలికి ఎలా దాచాలో చెప్పమని నన్ను అడిగారు. చెప్పాను. ముక్కు పైకి పెట్టి నిలబెట్టండి, బిరడా తీసెయ్యండి, తీసిన బిరడాను మోటారు పిడికి తాడుతో కట్టండి. ఇప్పుడు మా ఒడ్డు వాళ్ళ ఇళ్ళలో ఏ మూల చూసినా, చలికాలంలో, మోటారు పిడికి బిరడా వేలాడుతూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు పెద్దవాళ్ళు చెబుతారు, ఇది పంతులు పెట్టిన పద్ధతి, ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో అని. ఆ ఇళ్ళ ముందు నుంచి పోయేటప్పుడు లోపలికి చూడకుండా దాటిపోతాను. ఒక్కో పిడికి నా జేబులోని వస్తువు వేలాడుతోంది. అందరికీ కనబడుతోంది. ఎవరికీ తెలియడం లేదు.

యేసోబు ఇప్పుడు తాగడం లేదు. ఒళ్ళు సహకరించక మానేశాడు. పడవలు నడపడు. దాచే రోజుల్లో అందరికీ సాయం చేస్తాడు. మొన్న చలి మొదలవగానే మా కొత్త పడవకు కూడా వచ్చాడు. మోటారును డ్రమ్ములో నేనే నడిపించాను. గేరు ఆయిలు వదిలాను. నేను వంగలేను ఇప్పుడు, నడుము పట్టేస్తోంది. అతనే వంగి బిరడా తీశాడు. తాడు దూర్చాడు. కడుతూ, నన్ను చూడకుండా, మెల్లగా అన్నాడు.

"ఆ రోజు గూడా ఇట్టా కట్టుంటే ఇంతొచ్చేది గాదు బావా."

నేను డ్రమ్ము అంచుకు అంటిన ఆయిలు గుడ్డతో తుడిచాను.

"నేనే తీసి ఏడనో పారేసుంటా. చానాసార్లు ఆలోచించా. గుర్తు రాదు. తాగుబోతోడికి ఏం గుర్తుంటది."

"ఆ రోజు నువ్వు..." అన్నాను. అంతవరకూ అన్నాను. అతను తలెత్తాడు. ముఖంలో ఏ ఆశా లేదు. నేను ఏదో సర్దిచెప్పబోతున్నానని, ఊరడించబోతున్నానని అనుకున్నాడు పాపం. నన్ను చూసి జాలిగా నవ్వాడు.

"ఊర్కో బావా. అప్పుడు సువార్తతో నువ్వు అబద్ధం ఆడకపోవటమే మంచిదయింది. ఆడుంటే నా మూలాన నువ్వూ చెడేవాడివి."

"ముడి గట్టిగా వెయ్యి," అన్నాను.

వేశాడు. రెండోసారి లాగి చూశాడు కూడా.

నేను అతని దగ్గర్నుంచి ఇల్లూ భార్యా పిల్లలూ తీసుకున్నాననే అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. అది కూడా తక్కువే. తాను తాగలేదన్న సంగతి అతనికి తెలిసేది. ప్రపంచమంతా కాదన్నా అది అతని సొంతం. ఇప్పుడు అది కూడా అతని దగ్గర లేదు. నా అబద్ధం అతనికి జ్ఞాపకమైపోయింది.

ఇది రాస్తూ కూడా పై వాక్యం బాగా కుదిరిందని ఒక క్షణం మురిశాను. చూశారా? పోదు. ఆ బెల్లం పోదు. అందుకే ఇక బాగా కుదిరే వాక్యాలు రాయను. అతనికి ఎప్పుడు చెబుతానో, చెబుతానో లేదో, మీకు మాట ఇవ్వను. ఇచ్చిన మాటల మీద నాకే నమ్మకం లేదు. మీరు క్షమిస్తామన్నా అది మీ చేతిలో లేదు. గుమ్మంలో నిలబడి ఒక మనిషి అడిగింది, నేను చెప్పలేదు. ఆ జవాబు ఇన్నేళ్ళకు, అడగని మీకు చెబుతున్నాను. ఒక్కసారైనా నా చేత్తో, నేరుగా, ఎవరో అన్న మాట లేకుండా రాయాలని ఉంది. రాశాక కనీసం ఒక చోటైనా అది ఉన్నదున్నట్టు ఉంటుంది.

బిరడా తీసింది నేను. జేబులో పెట్టుకుంది నేను. ఆ రోజు యేసోబు తాగలేదు.